సీసాలో ముద్దాయి

త్రినాథ్ పెట్రోలు డబ్బా మూత తిప్పేసరికి అక్బర్ లేచి నర్సరీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అతని చొక్కా భుజం దగ్గర అప్పటికే చిరిగి ఉంది.

"తప్పుకోరా అక్బరూ. నిన్నేం చేయం. నీ షేడ్‌నెట్టే తగలబెడతాం."

"లోపల దర్శి రైతుల నారుంది త్రినాథన్నా. అదేం పాపం చేసింది?"

"మేమేం చేశామని మాకీ నారిచ్చావ్?"

త్రినాథ్ గుప్పెడు మిరపకాయలు అతని మొహాన విసిరాడు. వేలెడు పొడుగు రావాల్సిన కాయలు పొట్టిగా, వంకరగా ఉబ్బిపోయి ఉన్నాయి. వెనక నిలబడ్డ రైతుల తోటలన్నీ అలాగే ఉన్నాయి.

కొన్నేళ్ల కిందట నల్ల తామరపురుగు ఆ ఊరి తోటల్ని ఊడ్చిపెట్టేసింది. అప్పట్నుంచి కాయ కాస్త వంకర తిరిగితే చాలు, తామరపురుగే అనుకుని రెండు మూడు మందులు కలిపి కొట్టడం అందరికీ అలవాటైంది. ఈసారీ కొట్టారు. తగ్గలేదు. మందుకి లొంగలేదు కాబట్టి అది పురుగే కాదు, నారే నకిలీ అని తీర్మానించేశారు. నకిలీ అని తేలితే అక్బర్‌కి గింజలమ్మిన విత్తనాల కంపెనీ పరిహారం ఇచ్చుకోవాలి. పురుగని తేలితే ఎవరూ ఏమీ ఇవ్వరు.

తేల్చాల్సింది ఫెబా. ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలు. త్రినాథ్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ వెంకయ్య కూతురు.

ఫెబా చేతిలో పచ్చడి సీసా ఉంది. తండ్రి చేలోని వంకర కాయల్ని నిన్న అందులో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టింది. ఇప్పుడు సీసా గోడ మీద ఏదో పాకుతోంది.

"అన్నా, ఒక్క నిమిషం. ఇది చూడనివ్వు."

త్రినాథ్ వంగి చూసి నవ్వాడు. "దోమని పట్టుకొచ్చావా? మీ ఆఫీసులో ఇదే నేర్పుతారా?"

ఫెబా సీసాని దగ్గరికి తీసుకుంది. నిజంగా దోమే అయితే? గుడ్డ కట్టేలోపు దూరి ఉంటే? భూతద్దాన్ని గాజుకి ఆనించింది. పురుగు మసగ్గా కనిపించింది. అద్దాన్ని కాస్త వెనక్కి జరిపింది.

సన్నటి పొడవైన కాళ్లు. కణుపులు కణుపులుగా మీసాలు. రెక్కలు రెండే. తామరపురుగుకైతే ఈకల్లాంటివి నాలుగుంటాయి. ఈ రెండు రెక్కల వెనక గుండుసూది తలల్లా రెండు బుడిపెలు. అంటే ఈగ జాతి. దోమదీ అదే జాతి. మూతి చూడాలి. పురుగు అటు తిరిగింది. సీసాని మెల్లగా తిప్పింది. కుట్టే ముల్లు లేదు. దోమ రెక్కల నిండా ఈనెలుంటాయి, వీటికి రెండో మూడో గీతలు.

సీసా అడుగున ఓ కాయకి చిన్న కన్నం. ఆ కన్నంలోంచి ఖాళీ గూడు సగం బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇది బయటినుంచి దూరలేదు. కాయలోనే పుట్టింది.

గుడ్డ విప్పకుండానే, జేబులో ఉంచిన ఇంకో కాయని గోటితో చీల్చింది. లోపల నారింజరంగు పురుగొకటి మెలికలు తిరుగుతోంది. మందు దాని దాకా ఎలా చేరుతుంది?

వెంకయ్య దగ్గరికొచ్చాడు. ఆయన అంతా చూశాడు.

"ఫెబమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నారు నకిలీ అని చెప్పు. అంతే. అక్బర్‌కి మళ్లీ షేడ్‌నెట్ మనమే వేయిద్దాం."

"నాన్నా..."

"మనకి ఇంకేం మిగిలిందే? నీకు తెలీదా?"

ఆమెకి తెలుసు. ఆ చేలో కాయలు ఏరింది తనే. ఈ కాపుని బతికించే మందు తన దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. గుమ్మంలో అక్బర్ ఆమెకేసి చూస్తున్నాడు. త్రినాథ్ డబ్బా వంచాడు. షేడ్‌నెట్ అంచు తడిసి రంగు మారింది.

"చెప్పమ్మా మేడమ్," అన్నాడు అగ్గిపెట్టె తీస్తూ. "ఎవరు చేశారిది? నారేగా?"

ఫెబా తండ్రి వైపు చూడలేకపోయింది. సీసాని అందరికీ కనిపించేలా పైకెత్తింది.

"నారు కాదన్నా. అక్బర్ తప్పేం లేదు. కాయలోనే పుట్టి కాయని తినేసింది ఇదిగో, ఇది. పూతలో గుడ్లు పెట్టే పూత ఈగ."