కడగని కుడిచెయ్యి

నా కుడిచేతికి ఒక పేరుంది. మనిషికి లేదు గానీ చేతికుంది. చల్లపల్లికీ పామర్రుకీ మధ్యనున్న మా ఊళ్ళో తాతారావు అంటే ఏ తాతారావు అని అడుగుతారు. కోడిని పొదుగుకు వేసే తాతారావు అంటే ఇంటిదాకా తీసుకొచ్చి దిగబెడతారు. నేను గంపలో గుడ్లు పెడితే పిల్లలు లేవడం ఖాయమని మా వీధి నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది చాలావరకు నేనే.

నలభై ఏళ్ళ కిందట ఒకసారి పొరపాటున ఉడకబెట్టిన గుడ్డు కూడా పెట్టేశాను. అందులోంచీ పిల్ల వచ్చింది. కాకపోతే జన్మంతా దానికి చలి వేయలేదు. ఇంకోసారి పెట్ట పొదుగు మీదుండగానే గంప కాలవలో పడి కొట్టుకుపోయింది. ఇరవై ఒకటో రోజున ఆ పెట్ట పిల్లల్ని వెంటేసుకుని కాలవగట్టు మీద నడిచి ఇంటికొచ్చింది. అందులో రెండు ఈత కూడా నేర్చుకున్నాయి. ఇవి నమ్మనివాళ్ళని నేనేమీ అనను. వాళ్ళ కోళ్ళని మాత్రం ముట్టుకోను.

ఈ హస్తవాసికి ఒక నియమం ఉంది. గుడ్లు పెట్టే రోజున చెయ్యి కడగకూడదు, కడిగితే వాసి నీళ్ళతో పోతుంది అని మా మేనత్త చెప్పింది. ఆవిడ చెప్పింది ఏడాదికి రెండు మూడు రోజుల సంగతి. ఏ పెట్ట ఏ రోజు పొదుగుకొస్తుందో ఎవరికి తెలుసని నేను దాన్ని మూడు వందల అరవై అయిదు రోజులకీ పొడిగించాను. బద్ధకానికి నియమం అని పేరు పెడితే దానికి ఎంత గౌరవం వస్తుందో చూడండి. తెల్లారి లేవగానే గూడు తలుపు తీయడం, రెట్ట గోకడం, నలతగా ఉన్నదాని ముక్కు తుడవడం, ఆ చేతిని పంచెకు ఒక్కసారి రాసి, అదే చేత్తో ఇడ్లీ తుంచడం. ఇలా డెబ్భై రెండేళ్ళు వచ్చాయి.

ఈ ఏడు మాఘమాసంలో మొదటిసారి పడ్డాను. జ్వరం, విరేచనాలు. మూడు రోజులు పెరటికీ మంచానికీ మధ్య నేను నడిచిన దూరం కొలిస్తే బందరు వెళ్ళి రావచ్చు. నెపం ముందురోజు తిన్న సేమ్యా మీద పెట్టాను. ఆ సేమ్యా మా వీధి చివర దర్జీ ఖుద్దూస్ భార్య బషీరా పంపింది. చైత్రంలో మళ్ళీ పడ్డాను. ఈసారి సేమ్యా లేదు కాబట్టి మావిడికాయ పచ్చడి మీద పెట్టాను. మా ఆవిడ సరోజిని నన్ను ఆటోలో చల్లపల్లి తీసుకెళ్ళింది.

సెలైన్ ఎక్కుతుండగా డాక్టరు సాయిదుర్గ గారు వచ్చారు. మనవరాలి వయసు, మేనత్త చూపు.

"తాతగారూ, కోళ్ళున్నాయా ఇంట్లో?"

"పద్దెనిమిదమ్మా. ఒక్కదానికీ జబ్బు లేదు."

"వాటికి లేకపోయినా రెట్టలోనూ ఈకల్లోనూ క్రిములుంటాయండీ. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుగుతున్నారా?"

"కడుగుతానమ్మా."

"ఎప్పుడు?"

సరోజిని అందుకుంది. "ఉగాదికీ దీపావళికీనండీ."

డాక్టరు గారు నవ్వలేదు. "ఈ వయసులో ఒంట్లో నీళ్ళు ఇలా పోతే కిడ్నీల మీదకొస్తుంది. ఇంకోసారి రాకూడదు" అన్నారు.

ఆటో పామర్రు రోడ్డు మలుపు తిరిగింది. సరోజిని ఒకే మాట అంది. "సబ్బైనా ఉండాలి, కోళ్ళైనా ఉండాలి. సబ్బు వద్దంటే కోళ్ళు రేపే కృత్తివెన్ను మా చెల్లెలింటికి వెళ్తాయి."

ఎటు చూసినా నాకే చావు. కోళ్ళు పోతే చెయ్యి ఉండీ ఏం లాభం? సబ్బు పెడితే చెయ్యి పోయినట్టే. రాత్రింబవళ్ళు ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాను: ఎడమచెయ్యి మాత్రం కడగడం. రోజుకు నాలుగుసార్లు సరోజినికి వినబడేలా కుళాయి తిప్పి, నురగ వచ్చేలా ఎడమచేతిని ఒక్కదాన్నే సబ్బుకేసి రుద్దేవాణ్ణి. వారం తిరిగేసరికి అది కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడింది. కుడిది దాని పక్కన కళ్యాణమండపంలో వంటవాడిలా ఉంది.

ఆ వారంలోనే ఖుద్దూస్ వచ్చాడు. చేతిలో బుట్ట, బుట్టలో పదమూడు గుడ్లు, వెనకాల బషీరా, ఆవిడ చంకలో గుర్రుమంటున్న నల్లపెట్ట.

"బావా, నువ్వు పెట్టాలి. గుడివాడ నుంచి తెప్పించిన మేలుజాతి గుడ్లు. పోయినసారి నువ్వు మంచంలో ఉన్నావని మేమే పెట్టుకుంటే ఒక్కటి లేవలేదు. నీ చెయ్యి పడకపోతే ఇక కోళ్ళే వద్దంటోంది మీ చెల్లెలు."

"అదేవిటి ఖుద్దూసూ, నా చెయ్యి పడితే రాళ్ళు కూడా కూస్తాయి" అంటూ చెయ్యి చాపాను.

అదే నేను చేసిన తప్పు. పక్కనే ఎడమచెయ్యి కూడా చాపాను.

సరోజిని రెండు చేతులూ పట్టుకుని వెలుగులోకి తిప్పింది. ఒకటి వాసన చూసింది. రెండోది చూడబోయి మానేసింది. లోపలికి వెళ్ళి చెంబూ సబ్బూ తెచ్చింది.

"సరోజినీ, పొదుగు వేసేటప్పుడు..."

"పట్టండి చెయ్యి."

"వాసి పోతుందే!"

"ప్రాణం పోవడం కంటే నయం."

వీధిలో వాళ్ళు చూస్తుండగా, ఖుద్దూస్ నోరు తెరుచుకుని ఉండగా, సరోజిని నా కుడిచేతిని మోచేతిదాకా తోమింది. మట్టిరంగు నీళ్ళు అరుగు మీంచి కారుతుంటే నలభై ఏళ్ళ పేరు కాలవలోకి వెళ్తున్నట్టే అనిపించింది. ఆఖరికి బయటపడ్డ చెయ్యి ఎవరిదో నాకు తెలియలేదు. గోళ్ళు తెల్లగా ఉన్నాయి.

ఆ పరాయి చేత్తోనే గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, పదమూడు గుడ్లూ పెట్టాను. నల్లపెట్ట ఎక్కి కూర్చుంది. వాళ్ళు గంప పట్టుకెళ్ళారు.

ఇరవై ఒక్క రోజులు. మొదటి వారమంతా సాకులు తయారుచేశాను. ఉరిమిందనొచ్చు. గుడివాడ బస్సులో గుడ్లు కుదిలాయనొచ్చు. ఇంకేదీ లేకపోతే బల్లి పడిందనొచ్చు. ఏడో రోజున ఖుద్దూస్ గది తలుపులు మూసి టార్చిలైటు పెట్టి గుడ్లలో పిల్ల కట్టిందో లేదో చూద్దాం రమ్మంటే మోకాలు నొప్పి అన్నాను. ఏ మోకాలు అని అడిగితే రెండూ అన్నాను. మసీదు వైపు వెళ్ళాల్సిన పనులన్నీ మానేశాను, దారిలో వాళ్ళిల్లు ఉంది కాబట్టి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ మూడు వారాల్లో నాకు కడుపులో కలకలం రాలేదు. ఎలాగూ వాసి పోయింది, ఇక దాచుకునేందుకు ఏముందని రెండు చేతులూ కడిగేస్తున్నాను. అన్నానికి రుచి కూడా మారింది. ఇన్నేళ్ళూ పప్పులో వచ్చే ఆ వాసన ఇంగువది అనుకున్నాను.

ఇరవై ఒకటో రోజు ఉదయం ఖుద్దూస్ మా గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో ఏమీ తెలియడం లేదు. దర్జీల మొహాలు అంతే, బట్ట చించినా కుట్టినా ఒకేలా ఉంటాయి.

"ఉరిమింది కదూ?" అన్నాను.

"ఎక్కడ?"

"బల్లి ఏమన్నా..."

"నీకేమైంది బావా? పన్నెండు లేచాయి. పదమూడోది పెంకు కొడుతోంది. పద."

వెళ్ళాను. నల్లపెట్ట రెక్కల కిందినుంచి తలకాయలు బయటికి వస్తున్నాయి, లోపలికి పోతున్నాయి. వీధి వీధంతా అక్కడే ఉంది. "చెయ్యి అంటే అదండీ" అన్నారెవరో. నేను మీసం మీద చెయ్యి వేసుకోబోతుంటే సరోజిని నెమ్మదిగా అడిగింది.

"ఇదివరకు పదమూడు పెడితే ఎన్ని లేచేవండీ?"

"ఎనిమిది. ఒక్కోసారి తొమ్మిది."

"మిగతావి?"

"మురిగేవి."

"ఊఁ" అంది. నా తెల్లటి గోళ్ళ వైపు చూసింది.

బషీరా సేమ్యా గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "తినండి అన్నయ్యగారూ. దీనివల్ల విరేచనాలు పట్టుకుంటాయని విన్నాను, అయినా ధైర్యం చేయండి."

రెండు గిన్నెలు తిన్నాను. నాకు అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేదు.

ఇప్పుడు నియమం మారింది. నిన్న ఎదురింటి పూర్ణచంద్రరావు పెట్టనీ గుడ్ల బుట్టనీ పట్టుకొచ్చాడు. నేను అరుగు మీద తూర్పుకు తిరిగి కూర్చుని, "ముందు ప్రక్షాళన కావాలి. మా మేనత్త చెప్పిన పద్ధతి. సబ్బు లేకుండా పెడితే వాసి నిలవదు" అన్నాను. కుడిచేతిని మోచేతిదాకా మూడుసార్లు రుద్దాను. పూర్ణచంద్రరావు భక్తిగా చూస్తున్నాడు. నేను గుడ్డు తీయబోయాను.

గుమ్మంలోంచి సరోజిని అంది, "ఆ రెండోది కూడా."