చేతుల వాసన

"బిడ్డను చూసుకునేదానికి ఏముండాదే, ఎవురో ఒకరు చాలు" అనింది అక్కయమ్మ, మల్బరీ ఆకు మోపు తెచ్చిన కూలామె అరచెయ్యి ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూస్తా. దిబ్బూరహళ్ళిలో ఆ ఇంటి పట్టుపురుగుల గదిలోకి ఎవరు పోవాలన్నా ముందు అక్కయమ్మ ముక్కుకు చేతులు చూపించాల. పొగాకు అంటిన చెయ్యి తగిలితే పురుగు చచ్చిపోతాది, ఆ వాసన వచ్చిందా, గడప బయటే. సొంత కొడుకు అంజినప్పనే బీడీలు తాగుతాడని పంట అయ్యేదాకా తిన్నె మీద కూర్చోబెట్టిన తల్లి ఆమె. అంజినప్పకు అందులో కష్టమేమీ లేదు, హాయిగా పులి మేక ఆడుకుంటాడు.

అత్త మాట కోడలు మునిరత్నమ్మ చెవిన పడింది. ఆమె చంకలో ఏడాదిన్నర కెంపి కొంగు నములుతా ఉంది. రేపో ఎల్లుండో పురుగులు పొర విడిచి నాలుగో నిద్ర, అదే ఆఖరి నిద్ర, లేస్తాయి. లేచినాయంటే ఇంక రాక్షసాకలి, పగలూ రాత్రీ ఆకు వెయ్యాల్సిందే. పురుగుల తట్టలెత్తేది మునిరత్నమ్మ, పెంట తీసేది మునిరత్నమ్మ, ఏ పురుగుకు జబ్బు తగులుకుందో రంగు చూసి చెప్పేదీ ఆమే. పట్టుగూళ్ళు శిడ్లఘట్ట సంతలో అమ్ముడుపోయినాక మాత్రం అది "మా అంజినప్ప పంట" అయిపోతాది. పోనీ, ఆ పేరు వాళ్ళే పెట్టుకోనీ, ఆ కొన్నాళ్ళు నా బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలో అది నన్ను అడగరా అని ఆమె కడుపుమంట. పురుగుకైతే ఇంత విచారణ! నేను కని, పాలిచ్చి పెంచిన దానికి ఎవరో ఒకరా?

పోయిన పంటకు అక్కయమ్మ తన వరసకు చెల్లెలు నంజమ్మను పిలిపించింది. నంజమ్మ చేతిలో కెంపి ఏడ్చిందే లేదు. "చూసినావా, ఎంత నెమ్మదస్తురాలో!" అని అత్త మురిసిపోయింది. మూడో రోజు పాలిద్దామని వచ్చి మునిరత్నమ్మ బిడ్డను ఎత్తుకుంటే తల వాలిపోయింది, రెప్ప లేవలేదు. నంజమ్మ వక్కాకు సంచిలో పొగాకు పక్కనే నల్లమందు ఉండలు బయటపడినాయి. "ఆవగింజంత పాలల్లో కలిపితే ఏమయితాది, మేమంతా అట్ల పెరిగినోళ్ళమే" అనింది అత్త. "లేచి కూర్చునింది కదా, ఇంకేమిటికి రాద్ధాంతం" అన్నాడు మొగుడు. పురుగులు ఆకలిగా ఉన్నాయని మళ్ళీ లోపలికి తరిమినారు. ఆకు తరుగుతా ఏడ్చింది. తడి ఆకు పురుగులకు పడదని దానికీ తిట్లే తినింది.

అందుకే ఈసారి ముందే ఆమె తన దారి చూసుకుంది. నీళ్ళకు పోయే వంకతో కెంపిని ఎత్తుకుని మూడిళ్ళు తిరిగింది. ఒకామె బిడ్డను చూడకుండానే కూలి మాటెత్తింది. ఇంకొకామె ముద్దు చేసింది గానీ, కెంపి జారి పొయ్యి దగ్గరికి పోతున్నా మాటల్లోనే ఉండిపోయింది. వీధి చివర హనుమక్క అనపకాయలు ఒలుస్తా ఉంది. కెంపి ఒక గింజ నోట్లో వేసుకుంది. హనుమక్క అరవలేదు, ఉలకలేదు, బిడ్డకు చెప్తా ఉన్న కాకి కథ ఆపకుండానే చిటికెన వేలు పెట్టి గింజ తీసి, ఒట్టి తొక్క చేతికిచ్చింది.

"ఏడిస్తే ఏం చేస్తావక్కా?"

"ఏడవనిస్తా. ఏమిటికి ఏడుస్తాందో కనుక్కుంటా. ఏడవని బిడ్డను చూస్తేనే నాకు బయం తల్లీ."

మునిరత్నమ్మకు అక్కడే కూర్చుని కళ్ళొత్తుకోవాలనిపించింది. తప్పిపోయిన బిడ్డ దొరికినంత సంతోషమయింది.

పురుగులు లేచిన పొద్దున నంజమ్మ వక్కాకు సంచీతో దిగింది. అక్కయమ్మ ఎదురుపోయి "రా రా, బిడ్డ నీకోసమే చూస్తాంది" అనింది. మునిరత్నమ్మ గదిలోంచి బయటికొచ్చింది. నంజమ్మ కుడిచెయ్యి పట్టుకుని, అచ్చం అత్త మాదిరే ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది.

"అత్తా, ఈమెను పురుగులకు ఆకు వెయ్యమని లోపలికి పంపిస్తా."

"అయ్యయ్యో, నీకేమన్నా పిచ్చా!" అక్కయమ్మ పరిగెత్తుకొచ్చి గడపకు అడ్డం నిలబడింది. "ఆ చెయ్యి తగిలితే ఒక్క పురుగు బతకదు!"

"పురుగు బతకని చేతికి నా బిడ్డను ఇయ్యను."

నంజమ్మ చెయ్యి విదిలించుకుంది. "అక్కా, నీ కోడలికి తలకాయ తిరిగింది" అనింది. లోపల పురుగులు ఆకలితో తలలెత్తి ఉన్నాయి.

"పగలు హనుమక్క చూసుకుంటాది, మాట్లాడినా" అనింది మునిరత్నమ్మ. "పొద్దుగూకితే ఆమె వాళ్ళింటికి పోయి సంకటి కెలుక్కోవాల."

తిన్నె మీది నుంచి అంజినప్ప నవ్వినాడు. "మరి రాత్రికి? పురుగులు రాత్రి కూడా తింటాయి కదే, వాటికి ఎవురు?"

"వాటికి నేనుండా. బిడ్డకు నువ్వు."

"నేనా? మొగోణ్ణి పట్టుకుని..."

"నువ్వు వొద్దంటే నేనే కెంపిని పెట్టుకుని తిన్నె మీద కూర్చుంటా. పురుగులను చూసేదానికి ఏముండాది, ఎవురో ఒకరు చాలు."

అంజినప్ప తల్లి వైపు చూసినాడు. అక్కయమ్మ తట్టల వైపు చూసింది, కోడలి వైపు చూసింది. ఈమె లోపలికి పోకుంటే పంట దక్కదని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. "లేచి చేతులు కడుక్కోరా" అనింది చివరికి.

ఆ రోజు పొద్దుగూకే ముందు హనుమక్క బిడ్డను అప్పగించేదానికి వచ్చేసరికి అంజినప్ప తొట్టి దగ్గర బూడిదతో చేతులు తోముకుంటాండాడు. తోముకుని తుడుచుకుని వచ్చి పెండ్లాం ముందర రెండు అరచేతులూ చాపినాడు, కూలోళ్ళు చాపినట్టే. మునిరత్నమ్మ వంగి వాసన చూసింది.

"బీడీ ఇంకా పోలేదు" అనింది. "మళ్ళీ కడుక్కోపో."