చాపకి పడిన పతకం

మా లుసియానె అత్త మంచం కింద ఒక చాప చుట్ట ఉంటుంది. పైన పాత దుప్పటి, దాని మీద కొబ్బరి తాడు మూడు చోట్ల ముడి. కట్టిన మూట కనబడితే విప్పి చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ చేతులు దురద. ఆ చుట్ట దగ్గర మూడుసార్లు దొరికిపోయాను, మూడుసార్లూ చెవి మెలేయించుకున్నాను.

"అది నేను పోయాక విప్పేది. నీకంత తొందరైతే చెప్పు కిటియోనా, చూద్దాం," అనేది అత్త.

అత్తంటే మా నాన్నకి అక్క. నడిసముద్రంలో ఉన్న మా హాఅపై దీవుల్లో నాన్న మాట జవదాటినవాళ్ళని చూశాను గాని, మేనత్త మాట జవదాటినవాణ్ణి చూడలేదు. ఆవిడ తల ముట్టుకోకూడదు, ఆవిడ ఎంగిలి తినకూడదు. ఆవిడ పోతే మేనల్లుళ్ళం చిరుగుల చాప రొమ్ము దగ్గర నుంచి మడమల దాకా చుట్టుకుని పది రోజులు తిరగాలి. మంచం కింద ఉన్నది ఆ చాపే.

ఆ ఏడు ఒక దూరదేశపు అధ్యక్షుడు మా రాజుగారి దగ్గరికి రాజలాంఛనాలతో వస్తున్నాడని కబురొచ్చింది. అంతకు ముందు తుఫానులో ఆ దేశపు నావికుల్ని పదకొండు మందిని మా అన్న విలిసోని తన చేపల పడవలో ఒడ్డుకి చేర్చాడు. అందుకని ఆ అధ్యక్షుడు రాజుగారి ఎదుట అన్నకి పతకం పెడతాడట. నల్ల కోటు, తెల్ల చొక్కా, మోకాళ్ళు దిగే పంచె, మర్యాదకి నడుముకి చుట్టుకునే చాప, ఇవీ రాజభవనం ఉత్తరంలో రాసిన బట్టలు. పతకం కోటుకి ఎడమ పక్క గుచ్చుతారు కాబట్టి ఆ జేబులో పెన్నులవీ పెట్టుకోవద్దని కింద ఇంకో ముక్క. అన్న దగ్గర పెన్నే లేదు.

ఆ వారం మగవాళ్ళంతా చేరి కవా వేళ్ళ రసం తాగే చోట అందరూ అన్న వీపు తట్టారు. మా పక్కింటి తోమాసికి మాత్రం నోరు ఊరుకోదు.

"పతకం జాగ్రత్తరోయ్ విలిసోనీ! మీ తాతలాగా నాలుగు పందులకి అమ్ముకునేవు!"

అందరూ గొల్లున నవ్వారు. అన్నా నవ్వాడు, కాని చేతిలో కవా ఉన్న కొబ్బరి చిప్ప అలాగే కింద పెట్టేశాడు. అరవై ఏళ్ళ కిందట మా తాత ఫెలేతి ఒక పరదేశపు రాజుగారి ఓడని పగడపు దిబ్బల మధ్య నుంచి దారి చూపి రేవుకి చేర్చాడు. అందుకు రాజధానిలో పతకం ఇచ్చారు. తాత ఊరికి తిరిగొచ్చాడు గాని ఆ పతకం ఊళ్ళో ఎవరి కంటా పడలేదు. అమ్ముకున్నాడని అప్పుడు పుట్టిన మాట ఇంకా చావలేదు.

అన్న తిన్నగా అత్త దగ్గరికి వెళ్ళాడు.

"తాత పతకం ఏమైందత్తా?"

"అమ్మలేదు."

"మరేది?"

"నేను పోయాక తెలుస్తుంది."

"గురువారమేనత్తా నేను వెళ్ళాల్సింది!"

"అయితే నన్ను బుధవారానికి పొమ్మంటావా?"

నాకు నవ్వొచ్చింది గాని అన్నకి రాలేదు. ఉత్తరం తీసి అత్త ఒళ్ళో పెట్టాడు. "అమ్ముకున్నవాడి మనవడిగా రాజుగారి ముందు కూర్చోలేను. సంగతి తెలిస్తేనే వెళ్తా, లేకపోతే లేదు." రాజుగారు పిలిస్తే వెళ్ళకపోవడం అంటే మా ఇంటికే కాదు, దీవి మొత్తానికి తలవంపులు. అత్త రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

సోమవారం పొద్దున్నే మా ఇద్దర్నీ పిలిచింది. వెళ్ళేసరికి ముందు గదిలో చాపలు పరిచి, తెల్ల గౌను వేసుకుని, వాటి మీద వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు గుండెల మీద. పక్కనే ఆ చుట్ట.

"పోయాను. విప్పండి," అంది.

అన్న నోరు తెరిచాడు. "ఏంటత్తా ఇది?"

"పోయినవాళ్ళతో వాదిస్తారటరా?" దిండు పక్కకి జారింది. మేము ఆవిడ తల ముట్టుకోకూడదు. ఒక కన్ను తెరిచి మా వంక చూసి, తనే సర్దుకుంది. "చచ్చినా ఈ పని నాకే తగలడింది. ఊఁ, ఏడవరేం? ఏడుపు లేకుండా ఆ చాప విప్పకూడదు."

అన్న చావుపాట ఎత్తుకున్నాడు. మొదట ఇద్దరం నవ్వు బిగబట్టుకునే పాడాం. రెండో చరణంలో అన్న నవ్వడం మానేశాడు. కళ్ళు మూసుకున్న అత్త ఇంత చిన్న మనిషని నేనెప్పుడూ గమనించలేదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

ముడులు నేనే విప్పాను. పొగాకు రంగుకి తిరిగిన చాప, అంచులన్నీ పీలికలు. సరిగ్గా రొమ్ము దగ్గరికి వచ్చే చోట, అల్లికలో గుచ్చి, నీలం నక్షత్రం ఒకటి ఉంది. దాని సూది తుప్పు పట్టి చాపలోనే కరుచుకుపోయింది.

అత్త కళ్ళు తెరవకుండానే చెప్పింది. "పతకానికి పిలిచేనాటికి మా నాన్న వాళ్ళ మేనత్త పోయి అయిదు రోజులు. ఈ చాపతోనే వెళ్ళాడు, వెనక నేనూ వెళ్ళాను. తీసెయ్యమన్నారు భవనం వాళ్ళు. మా అత్త ఇంకా అయిదు రోజులు నా ఒంటి మీదే ఉంటుంది, తియ్యనన్నాడు. గడ్డిలో కూర్చున్నాడు. ఆ పరదేశపు రాజు భుజాన పట్టీ, నడుముకి కత్తీ, రొమ్ము నిండా బిళ్ళలూ వేసుకుని గలగలలాడుతూ వంగాడు. కోటు కోసం వెతికాడు. ఏదీ కోటు? రొమ్ము దాకా చాపే! పాపం, దొరికినచోట గుచ్చేశాడు."

"తియ్యలేదా?"

"తీస్తే అల్లిక తెగుతుంది. ఇది నాకు కాదు, మా అత్తకి పడిందన్నాడు నాన్న. పదో రోజు దాకా రాజధానిలోనే ఉండి, అక్కడే చుట్టేశాం."

"ఊళ్ళో ఆ మాట చెప్పచ్చుగా!" అన్నాడు అన్న.

"చెబితే చూపించమంటారు. ఇది మేనత్తలు పోతేనే విప్పే చాప. నాన్న తర్వాత ఇంట్లో మేనత్తని నేనే కదరా, మళ్ళీ విప్పాలంటే నేను పోవాలి. ఎవడేమన్నా మా నాన్న నా వంక చూసి నవ్వి ఊరుకునేవాడు."

అత్త లేచి కూర్చుంది. "నడుం పట్టేసింది. టీ పెట్టు కిటీ."

గురువారం అన్నతో నేనూ రాజధానికి వెళ్ళాను. మా రాజుగారి నడుముకి ఎన్ని తరాల నాటిదో చాప, అంచులు పీచులు పీచులుగా వేలాడుతోంది. అధ్యక్షుడి పరివారంలో ఒకతను దాని వంక జాలిగా చూశాడు. తన బిళ్ళలన్నీ కలిపినా దాని పీచుకి సరిపోవని అతనికి ఎవరు చెప్పాలి? అధ్యక్షుడు వంగి అన్న కోటుకే శుభ్రంగా పతకం గుచ్చాడు. జేబులో పెన్ను లేదు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు.

శుక్రవారం ఇంటికి రాగానే అన్న పతకం ఊడదీసి అత్త చేతిలో పెట్టాడు. "దీన్ని కూడా చాపకే పెట్టు."

"మళ్ళీ చావాలా ఇప్పుడు?" అన్నాను నేను.

"నేను పోయి అయిదు రోజులేగా అయింది, ఇంకా గడువుంది," అంది అత్త. నీలం నక్షత్రం పక్కన, అల్లిక తెగకుండా సందు చూసి, తన చేత్తోనే గుచ్చింది. పదో రోజున చుట్టి, మూడు ముడులూ వేసి, మంచం కిందకి తోసేసింది.

ఆ తర్వాతి శనివారం కవా దగ్గర తోమాసి చెయ్యి చాపాడు. "ఏదిరా పతకం? ఓసారి చూడనీ."

అన్న చిప్ప ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "అమ్మేశాను."

"నిజంగానా! ఎంతకి?"

"అవే నాలుగు పందులు. మా తాతకొచ్చిన ధరే."

అందరూ పడీ పడీ నవ్వారు. అసలు సంగతి నా నాలుక చివర దాకా వచ్చింది. అంతలో రోడ్డుకి అటుపక్క నుంచి అత్త గొంతు వినబడింది, పెరట్లో దూరిన తోమాసి పందిని నానా బూతులూ తిడుతోంది. నోరు మూసుకున్నాను. తోమాసి ఇంకో పాతికేళ్ళ పాటు మా అన్నని ఆ మాట అంటూనే ఉండాలి.