చిటికెన వేలు మాట వినని వెండెల్

వెండెల్ చిటికెన వేలు మాట వినడం లేదని అందరికంటే ముందు కనిపెట్టింది ఎమెషె. ఇన్నేళ్లుగా అతని పక్క కుర్చీలో కూర్చుని రెండో వయొలిన్ వాయిస్తున్న మనిషి కనిపెట్టకపోతే ఇంకెవరు కనిపెడతారు? తీగ మీద ఆనాల్సిన చోట ఆ వేలు తనంతట తానే ముడుచుకుని అరచేతిలోకి దూరిపోతోంది. అతను మిగతా వేళ్లను సాగదీసి ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

బుడాపెస్టులో వాళ్ల నలుగురి క్వార్టెట్‌కు మంచి పేరుంది. మొదటి వయొలిన్ వెండెల్, రెండోది ఎమెషె, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వియోలా ఓట్టో, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో కింగ. చదువుకునే రోజుల నుంచి నలుగురిదీ ఒకే గదిలో సాధన, ఒకే వ్యానులో ప్రయాణం. పేరులో పెద్ద వాటా వెండెల్‌దే. దానితో ఎమెషెకు పేచీ లేదు. అతని రాగం పైపైన సాగిపోతుంటే దాని కింద నడుస్తూ, అది కుంగకుండా మోయడమే ఆమెకు ఇష్టం.

అందుకే ఆమె అతన్ని ఏమీ అడగలేదు. వేలు తప్పే చోటల్లా తన వాయిద్యాన్ని కాస్త గట్టిగా పలికించి ఆ లోటు వినపడకుండా చూసింది. అతను నొచ్చుకుంటాడని ఊరుకున్నాననుకుంది గానీ, అసలు సంగతి అది కాదు. ఏం జవాబు వస్తుందోనని ఆమెకే భయం.

సెగెడ్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం కచేరీలో ఆ కప్పిపుచ్చడం ఇక సాగలేదు. నెమ్మదిగా నడిచే రెండో భాగంలో రాగమంతా మొదటి వయొలిన్‌దే. పై స్వరాన్ని అందుకోబోయేసరికి వెండెల్ కమాను గాలిలో ఆగిపోయింది. ఆడిటోరియం నిండా జనం. రాగం లేకుండా కింది స్వరాలు మూడూ బిక్కుబిక్కుమంటూ కాస్త దూరం నడిచాయి. ఎమెషె ఆలోచించలేదు. తన భాగాన్ని వదిలేసి అతని రాగాన్ని ఎత్తుకుంది. రోజూ చెవిన పడుతున్నదే, కాగితంతో పనేముంది? ఓట్టో ఓరగా చూసి, ఆమె వదిలేసినదాన్ని తన స్వరాల మధ్య ఇరికించుకున్నాడు. కింగ తల ఎత్తలేదు. వెండెల్ కళ్లు మూసుకుని కూర్చుని, రాగం కిందికి దిగాక మళ్లీ అందుకున్నాడు.

విరామంలో గది తలుపు మూయగానే అతను అడిగిన మాట, “నా రాగం నిన్నెవరు ఎత్తుకోమన్నారు?”

“ఎవరూ చెప్పలేదు. నువ్వు ఆగిపోయావు.”

“ఒక్క క్షణం. నేనే అందుకునేవాణ్ణి.”

“ఆ క్షణం సగం పేజీ అయింది వెండెల్.”

“ఈ అవకాశం కోసం ఎన్నాళ్లనుంచి కాచుక్కూర్చున్నావు?”

ఓట్టో లేచి నిలబడ్డాడు. “ఒరేయ్, నోరు అదుపులో పెట్టుకో. తను లేకపోతే ఈపాటికి కోట్లు తగిలించుకుని వెనక గుమ్మంలోంచి జారుకునేవాళ్లం.”

ఎమెషె వెండెల్ ఎడమ చెయ్యి పట్టుకుని చిటికెన వేలిని తిన్నగా చాపింది. వదలగానే అది ముడుచుకుపోయింది. మళ్లీ చాపింది. మళ్లీ అంతే. అతను చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

“చలికాలం నుంచీ చూస్తున్నా,” అందామె.

“అప్పుడే చెప్పొచ్చుగా.”

“చెబితే వినేవాడివా?”

“లేదు,” అన్నాడతను.

వేలికేమీ కాలేదనీ, ఏళ్ల తరబడి ఒకే పని చేసిచేసి మెదడే ఆ వేలిని మర్చిపోయిందనీ డాక్టరు చెప్పాడు. మళ్లీ దారికి రావచ్చు, రాకపోవచ్చు. ఆ వారంలోనే నలుగురూ కింగ వంటింట్లో కూర్చున్నారు. కుర్రవాణ్ణెవరినైనా మొదటి కుర్చీకి చూద్దామని ఓట్టో నసిగాడు. గసగసాల రొట్టె ముక్కను తినకుండా నలుపుతున్న వెండెల్ అప్పుడు నోరు విప్పాడు.

“మొదటి కుర్చీ ఎమెషెకు ఇవ్వండి. తన కుర్చీ నాకివ్వండి. అక్కడ ఈ వేలికి పని తక్కువ.”

“తక్కువని నీకెవరు చెప్పారు?” ఎమెషె గొంతు లేచింది. “నాకు నీ కుర్చీ వద్దు. నా చోటే నాకిష్టం.”

“నాకు మాత్రం దిగిరావడం ఇష్టమనుకున్నావా?”

కింగ ఇద్దరి ముందూ కాఫీ పెట్టింది. “ఇద్దరికీ ఇష్టం లేదుగా, అయితే న్యాయంగానే ఉంది. తాగండి.”

కొత్త కుర్చీల్లో సాధన నరకంలా నడిచింది. వెండెల్‌కు కింద ఉండటం చేతకాలేదు. మూడు స్వరాలు దొరికితే చాలు, రొమ్ము విరుచుకుని ముందుకొచ్చేవాడు.

“రాగం నువ్వే పలికిస్తున్నావు వెండెల్. నన్ను పలికించనీ.”

“ఇక్కడ పేజీ అంతా ఒకటే స్వరం. దీన్నేం చేసుకోను?”

“ఏం చెయ్యకు. ఓట్టోను విను.”

ఎమెషె తంటాలు ఎమెషెవి. రాగం మొదలెట్టాల్సింది తనే అయినా, అలవాటుకొద్దీ అతనివైపే చూసేది. అతను పట్టుబట్టి తల దించుకునేవాడు. “నాకేసి చూడకు. మేమంతా నిన్ను చూస్తున్నాం.”

ఒకరోజు పొద్దున్నే అతని దగ్గర్నుంచి ఫోన్. “చెల్లోతో కలిసే ఆ చోట నువ్వు కొంచెం ఆగేదానివా?”

“ఆగేదాన్ని కాదు. కింగ ఊపిరి తీసుకునేదాకా ఆ స్వరం మీదే ఉండేదాన్ని.”

“ఇన్నేళ్లూ నీ పక్కనే కూర్చున్నాను. నువ్వక్కడేం చేస్తున్నావో ఒక్కసారీ వినలేదు,” అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఎమెషె వంటింట్లో నిలబడే ఏడ్చింది. ఇంతకాలం ఆ మాట కోసమే కాచుక్కూర్చుందని ఆమెకప్పుడే తెలిసింది.

వెండెల్ మొదటి కుర్చీలో లేడని కొన్ని ఊళ్లవాళ్లు కచేరీలు రద్దు చేసుకున్నారు. గ్యోర్‌లో ఒక చిన్న హాలువాళ్లు మాత్రం రమ్మన్నారు. మొదట్లో ఎమెషె రాగాన్ని బిగబట్టి వాయించింది. నెమ్మది భాగానికి వచ్చేసరికి కింద మెత్తగా, ఎక్కడా తొందర లేకుండా రెండో వయొలిన్ వచ్చి నిలబడింది. ఆమె అటు చూడలేదు. రాగాన్ని వదిలిపెట్టి పైకి పోనిచ్చింది.

కచేరీ అయ్యాక ఒక ముసలావిడ వెండెల్ దగ్గరికొచ్చింది. “అటు కూర్చున్నారేమిటి బాబూ? ఒంట్లో బాగాలేదా?”

“వేలు బాగాలేదండీ. మిగతాదంతా బాగానే ఉంది.”

వేలు తర్వాత కూడా దారికి రాలేదు. అతను బొటనవేలు కాక మిగిలిన మూడు వేళ్లతోనే ఆ కుర్చీలో ఇప్పటికీ వాయిస్తున్నాడు. ఆఖరి భాగాన్ని ఎమెషె మరీ పరుగెత్తిస్తోందని వ్యానెక్కిన ప్రతిసారీ గొడవ పెట్టుకుంటాడు. ఆమె తగ్గించదు.