చిగుళ్లలోంచి కాలేయానికి

మోషోన్‌మద్యరోవార్‌లో వీధికి పదిమంది పళ్ల డాక్టర్లు. ఆస్ట్రియావాళ్లు సరిహద్దు దాటి హంగరీలోని ఈ ఊరికి కార్లలో వచ్చి, కొత్త పళ్లు పెట్టించుకుని, చక్కా పోతారు. ఊరివాళ్ల నోళ్లు చూసే తీరిక ఎవరికుంది! దీపం కింద చీకటంటే ఇదే మరి.

అలాంటి పళ్ల ఆసుపత్రి ఒకదాంట్లో ఎటెల్కా పందొమ్మిదేళ్లుగా పనిముట్లు కడిగి, ఉడికించి, సర్దుతోంది. ఆమె మొగుడు డెజో ట్రాక్టర్ల మెకానిక్కు. పదేళ్లుగా చిగుళ్ల నెత్తురు ఉమ్ముకుంటున్నాడు. నొప్పి లేచినప్పుడల్లా పాలింకా సారా పుక్కిలిస్తాడు, ఉమ్మితే దండగని మింగేస్తాడు. "మీ డాక్టరుకు ఓ మాట చెప్పవే" అని రెండుమూడుసార్లు అడిగాడు కూడా. ఆమె చెప్పలేదు. ఒకసారి డాక్టరు కాల్మాన్ ఎవరో ఆస్ట్రియా దొరసానితో, "మావాళ్ల నోళ్లా? పందుల దొడ్లు నయం!" అని నవ్వడం ఆమె చెవిన పడింది. ఆ నవ్వు ముందు మొగుడి చేత నోరు తెరిపించడానికి ఆమెకు సిగ్గేసింది.

మొన్న వసంతంలో డెజో పెద్దపేగులోంచి కాన్సరు గడ్డ తీశారు. ఎండలు ముదిరేసరికి కాలేయంలో మచ్చలు తేలాయి. పక్క పట్నం జ్యోర్‌లోని పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఎటెల్కాను కూర్చోబెట్టి చెప్పింది.

"చిగుళ్లలో బతికే ఒక సూక్ష్మజీవి పేగు గడ్డలో కనిపించిందమ్మా. కాలేయంలోంచి తీసిన ముక్కలోనూ అదే ఉంది. జబ్బు దానివల్లే వచ్చిందని నేననను. కానీ అది చేరినచోట జబ్బు తొందరగా పాకుతోందనీ, మందుకు సరిగా లొంగడం లేదనీ పరిశోధనలు చెబుతున్నాయి. ముందు మీ ఆయన పుచ్చుపళ్లు తీయించండి. సోమవారం మందు మొదలుపెడదాం."

ఎటెల్కా మర్నాడు పొద్దున్నే కాల్మాన్ గదిలోకి వెళ్లి నిలబడింది.

"మా ఆయన పళ్లు తీయాలి డాక్టరుగారూ. ఇవాళే."

"ఇవాళా? కుర్చీ ఖాళీ ఎక్కడిది? సెప్టెంబరు దాకా..."

"కాదంటే ఈ పూటే మానేస్తాను. మీ పనిముట్లు మీరే కడుక్కోండి!"

పందొమ్మిదేళ్లలో ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి. కాల్మాన్ తెల్లబోయాడు.

"అయ్యో, అంత మాటెందుకు? మీ ఆయనకు పళ్లు బాగాలేవని ఒక్కనాడైనా అన్నావా? ఎప్పుడో చేసిపెట్టేవాణ్ని కదా! పిలువు, పిలువు."

ఆయన నిజంగానే అంటున్నాడు. ఆనాడు దొరసాని ముందు తన నోటి వెంట ఏం వచ్చిందో ఆయనకు గుర్తు కూడా లేదు. తిట్టిపోయడానికైనా ఆమెకు మనిషి దొరకలేదు.

డెజో టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో వాలాడు. తొమ్మిది పళ్లు ఊడొచ్చాయి. ఒక్కొక్కదానికీ ఎటెల్కాయే పళ్లెం పట్టింది. కాల్మాన్ ముఖం చిట్లించలేదు. చేతి తొడుగులు విప్పి, "రెండ్రోజులు సూపు చల్లార్చుకుని తాగవయ్యా" అని చెప్పి పక్కగదిలోకి వెళ్లాడు.

డెజో గోడ గడియారం వంక చూశాడు. కూర్చుని నలభై నిమిషాలే అయింది.

"ఇంతేనా ఎటెల్కా?" అన్నాడు, దూది కుక్కిన నోటితో. దెప్పడానికి కాదు, తెలియకే అడిగాడు.

"ఇంతే" అంది ఎటెల్కా.