ఒకే అరలో మాటలు

ఆసుపత్రిలో దుప్పట్ల గది అన్నిటికన్నా కింది అంతస్తులో ఉంటుంది. ప్రతి దుప్పటి మూలన రెండు ఇంగ్లీషు అక్షరాలు కుట్టి ఉంటాయి. అది ఏ వార్డుదో చెప్పేవి అవే. ఆ అక్షరాలు చూసి, మడతపెట్టి, ఆ వార్డు అరలో పెట్టడం మడతమ్మ పని. ఏళ్ల తరబడి అదే పని చేస్తోంది గనక అందరూ ఆమెను మడతమ్మ అంటారు. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

మడతమ్మకు పై అంతస్తులో వార్డు సహాయకురాలి ఉద్యోగం కావాలి. రోగికి ఏం కావాలో విని నర్సుకు చెప్పే పని అది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చే ఆసుపత్రి కావడంతో ఇంగ్లీషు అర్థమవ్వాలి. హెడ్ నర్సు స్వయంగా పరీక్ష పెడుతుంది. కిందటిసారి మడతమ్మ తప్పింది. రోగి ఏమడిగినా "యెస్, యెస్" అని తలూపింది. కిటికీ మూస్తావా అంటే యెస్, తెరుస్తావా అంటే యెస్. కిటికీ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. రెండోసారీ తప్పితే మూడోసారి పిలవరు.

ఈసారి కోడలు నడుం కట్టింది. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. ఒకరోజు పండ్లు, ఒకరోజు రంగులు, ఒకరోజు ఒంటి భాగాలు చెప్పుకుంటూ వచ్చింది. వారం తిరిగేసరికి మడతమ్మ తలలో అంతా కలగాపులగం అయింది.

"అత్తయ్యా, మోకాలిని ఏమంటారు?"

"నిన్న చెప్పావు కదే."

"నిన్న చెప్పింది నేను. ఇవాళ చెప్పాల్సింది మీరు."

"ఇట్లా కుప్ప పోస్తే ఏం ఏరుకోను? మా గదిలో అయితే మూల చూస్తాను, అరలో పెడతాను. చేతులు వాటంతటవే పోతాయి."

కోడలు నవ్వబోయి ఆగింది. పలక తీసుకుంది.

"సరే, ఎస్, ఎన్ అని ఒక అర అనుకోండి. స్నీజ్ అంటే తుమ్మడం. స్నోర్, గురక పెట్టడం. స్నిఫ్, వాసన పీల్చడం. ఇక స్నాట్..."

"చీమిడి."

"మీకెలా తెలిసింది?"

"అన్నీ ముక్కు చుట్టూనే తిరుగుతున్నాయి. ఇంకేం మిగిలిందే?"

ఆ రోజు నుంచి అరలే పాఠం. ఎస్, డబ్ల్యూ అరలో స్వెట్ అంటే చెమట, స్వెల్ అంటే వాపు, స్వాలో అంటే మింగడం వచ్చి చేరాయి. చివర ఏ, సి, హెచ్, ఈ ఉన్న మాటలకు నొప్పుల అర కట్టింది మడతమ్మ. హెడేక్ తలనొప్పి, టూతేక్ పంటినొప్పి, బ్యాకేక్ నడుంనొప్పి. బట్టలు మడతపెడుతూ అరకొక అరగా వల్లించుకునేది.

ఒకరోజు భోజనాల దగ్గర కోడలు పలక మీద కొత్త మాట రాసి చూపించింది. మడతమ్మ చివరి నాలుగక్షరాలు చూసింది.

"ఇదీ నొప్పే. ముందున్న అక్షరాలను బట్టి ఎక్కడి నొప్పో తెలియట్లేదు. పక్కటెముకల కింద ఏమో."

"కాదత్తయ్యా. మావయ్యగారి మూతి మీద ఉంది. మస్టాష్ అంటే మీసం."

మడతమ్మ భర్త బస్సు డ్రైవరు. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నవాడు ఆగి మీసం తడుముకున్నాడు.

"అంటే ఇన్నేళ్లూ నేను మోస్తున్నది నొప్పా?"

"మీకు కాదు, చూసేవాళ్లకి," అంది మడతమ్మ.

నవ్వులయ్యాక కోడలు పలక తుడిచింది. "అక్షరాలు అర దాకా తీసుకెళ్తాయి అత్తయ్యా. అక్కడ విప్పి చూసుకోవాలి."

పరీక్ష రోజు హెడ్ నర్సు ఆమెను ఒక ముసలాయన మంచం దగ్గరికి తీసుకెళ్లింది. కడుపుకు ఆపరేషన్ అయినాయన. ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. ఉద్యోగం కోసం వచ్చిన ఇంకో ఇద్దరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"వాట్ ప్రాబ్లమ్, సర్?" అంది మడతమ్మ.

ఆయన గబగబా చెప్పాడు. అందులో ఇచ్ అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఆ మాట ఆమె అరల్లో లేదు. స్టిచ్ ఉంది. స్టిచ్ అంటే కుట్టు. దుప్పటి మూలన అక్షరాలు కుట్టేవాళ్ల దగ్గర నేర్చుకున్న మాట. ఈయన కడుపు మీదా కుట్లే ఉన్నాయి. కుట్టు దగ్గర నొప్పి అంటే సరిపోతుంది. ఒక్కసారి యెస్ అంటే పరీక్ష అయిపోతుంది. హెడ్ నర్సు కలం కాగితం మీద ఆనించి ఉంది.

మడతమ్మ గొంతు సవరించుకుంది.

"సర్, దట్ వర్డ్ ఐ డోంట్ నో. షో మీ."

తలుపు దగ్గర ఎవరో "చ్చొచ్చొ" అన్నారు.

ముసలాయన దుప్పటి పక్కకు తీశాడు. కట్టు అంచున, టేపు అంటించిన చోట చర్మం ఎర్రబడింది. గోళ్ల గీతలున్నాయి. ఆయన మళ్లీ గోక్కోబోయాడు. మడతమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"నో, సర్. వెయిట్." ఆమె హెడ్ నర్సు వైపు తిరిగింది. "మేడమ్, బాధ కుట్ల దగ్గర కాదు. టేపు పడక దురద పెడుతోంది. ఇంకాసేపు గోకితే కట్టు ఊడొస్తుంది. ఆయనన్న మాట దురదేనా?"

"అదే," అంది హెడ్ నర్సు. ఆమె వంగి కట్టు చూసింది. వేరే టేపు తెమ్మని నర్సుకు చెప్పింది. కాగితం మీద సంతకం పెట్టింది.

"తెలియదని చెప్పి అడిగి తెలుసుకున్నావు. తెలియకుండా తలూపేవాళ్లతోనే నాకు తంటా. రేపట్నుంచి పైకి వచ్చెయ్." కలం జేబులో పెట్టుకుంటూ అడిగింది. "ఇంగ్లీషు ఎవరు నేర్పారు?"

"మా కోడలు, మేడమ్."

ఆ మాట చివరి మంచం దాకా వినబడింది. మడతమ్మ కావాలనే అంత గట్టిగా చెప్పింది.

మెట్ల దగ్గరికి వచ్చి ఫోను చేసింది. అటువైపు తరగతి గోల.

"ఏమైందత్తయ్యా?"

"పాసయ్యాం."

కోడలు ఫోను పక్కకు తిప్పినట్టుంది. ఆమె గొంతు దూరంగా వినిపించింది.

"పిల్లలూ, అందరూ చప్పట్లు కొట్టండి."

"ఎవరికి టీచర్?"

"ముందు కొట్టండి. తర్వాత చెప్తా."

మడతమ్మ ఫోను చెవికి ఆనించుకుని, చప్పట్లు అయ్యేదాకా మెట్ల మీదే నిలబడింది.