పద్నాలుగో సెకను

సాయంత్రం ఆరింటికల్లా సౌందర్య తాను ఎక్కడెక్కడ ముఖం తిప్పుకుందో రాసి పంపాలి. నాలుగున్నరయింది. ఫారం ఇంకా ఖాళీగానే ఉంది.

ఆమె ఉద్యోగమే అది. హైదరాబాదులో ఒక కంపెనీ తయారుచేస్తున్న 'చప్పుడు చెయ్యకు' అనే వీడియో గేమ్‌ని గద్వాలలో, ఇంట్లో కూర్చుని ఆడి చూడడం. కాపలావాడి వెనక పిల్లిలా చేరి, వాడికి తెలియకుండా గొంతు కోయడమే ఆట. ట్రైలర్ వచ్చిన రోజే టీవీల్లో గోల మొదలైంది, నిషేధించాలని. కంపెనీ భయపడి, చూడలేక కళ్లు తిప్పుకున్న ప్రతిచోటా సెకనుతో సహా రాయమంది. అక్కడ నెత్తురు తగ్గిస్తారట. మొదటి వారం సౌందర్య నలభై చోట్లు రాసింది, అన్నం సయించలేదు. మూడో నెలకు ఒక చేత్తో ఉప్మా తింటూ ఇంకో చేత్తో గొంతులు కోస్తోంది.

మేనేజర్ భాస్కర్ ఫోన్ చేశాడు. "ఏమీ లేకపోతే లేదనే పంపెయ్, సౌందర్యా. మంచిదే కదా. రేపే విడుదలకు ఇచ్చేద్దాం."

"ఆరు దాక టైముంది కద సార్," అంది. ఆట మెత్తబడిందా, తనే మొద్దుబారిందా? బీటెక్ నాలుగేళ్లలో అది కొలిచే పరికరం గురించి ఎవరూ చెప్పలేదు.

అప్పుడే మేనమామ కురుమూర్తి చెల్లెలి చేతి చాయ్ కోసం వచ్చాడు. ముప్పై ఏళ్లుగా జములమ్మ గుడి దగ్గర మొక్కులకు మేకలు కోస్తున్న మనిషి. ఆయనే తల తిప్పుకుంటే ఆట మెత్తబడలేదని, తనే మొద్దుబారిందని తేలిపోతుంది.

"మామా, జర ఇట్ల కూసో. ఒకటి సూడాలె."

"సినిమానా?"

"కాదు, నా నౌకరి."

తెర మీద కత్తి తిరిగింది. నెత్తురు గోడంతా చిమ్మింది. కురుమూర్తి తాపీగా చాయ్ జుర్రాడు.

"గంత నెత్తురు ఎట్లొస్తది పిల్లా? మెడల బోరేమన్న ఏసిండ్రా? కత్తి పట్టుడు గూడ రాదు వీనికి. చేతి ఏళ్లు తెగుతయ్."

ఆయన తల తిప్పనే లేదని సౌందర్య గమనించింది. మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఈసారి తెర మీద కాక ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్లు దించుకున్నాడు. అయితే అప్పటికి పద్నాలుగో సెకనే, కత్తి ఇంకా లేవలేదు. కాపలావాడు తుపాకీ గోడకు ఆనించి, గ్లాసులో చాయ్ ఊదుకుంటున్నాడు.

"ఏమైంది మామా? నెత్తురు ఇంక రానే లేదు."

"గానికి ఎర్కనే లేదు గద."

"ఎర్కయితే ఆట పోతది. తెల్వకుండ సంపుడే ఆట."

"మేం మేక మీద నీళ్లు సల్లి నిలవడ్తం. అది ఒళ్లు ఇదిలిచ్చినంకనే కత్తి. ఓపారి ఎండల గంటసేపు నిలవడ్డం, సుట్టాలంత తిట్టుకున్నరు. అది ఒప్పుకున్నట్టో కాదో నాకు తెల్వదు. గని నిలవడ్తం." ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "గాడు చాయ్ ఊదుకుంటుండు. గది సూడబుద్ధి కాలే."

ఆయన వెళ్లాక సౌందర్య మళ్లీ ఆడింది. కాపలావాడి వెనక నిలబడింది. మీట నొక్కాలి. బొటనవేలు కదల్లేదు. వాడు తిరిగి చూడాలని ఆగింది. వాడు చూశాడు, గంటలు మోగాయి, ఆట పోయింది. ఇంకోసారి ఆడింది, అక్కడే ఆగింది. నాలుగుసార్లు. మూడు నెలల్లో ఆటలోని ఆ దశలో ఒక్కసారి కూడా ఓడిపోలేదామె.

ఫారంలో ఒకే ఒక్క గడి నింపింది: పద్నాలుగో సెకను. పంపేముందు భాస్కర్‌కి ఫోన్ చేసి చెప్పింది.

"పద్నాలుగులో నెత్తురే లేదు కదా! ఏం తగ్గించమంటావ్? అది మార్చాలంటే ఆటంతా మార్చాలి. తీసెయ్ సౌందర్యా. ఇలా పంపితే వచ్చే నెల నీ కాంట్రాక్టు సంగతి నేనేం చెప్పలేను."

ఆరుకు మూడు నిమిషాలుంది. సౌందర్య ఫారం పంపేసింది.

"అసలక్కడ ఏముందని?" భాస్కర్ అరిచాడు.

"చాయ్ తాగుతుండు సార్."